ఎండు రొయ్యల ప్యాకెట్: పిల్లికి సరే, కుందేలుకెందుకు?

కాకినాడలో మేం చేపల మేత కొనే అక్వేరియం షాపులో ఈ ప్యాకెట్ దొరుకుతోంది. అట్ట మీద కుక్క, పిల్లి, తాబేలు, కుందేలు బొమ్మలు వరసగా వేసి, కింద ‘అన్ని పెంపుడు జంతువులకూ’ అని అచ్చేశారు. మా ఇంట్లో ఆ నాలుగూ ఉన్నాయి, పెరట్లో కోళ్లు అదనం.

సరుకు మంచిదే. ఒకటి నోట్లో వేసుకుని చూశాను. ఇసుక లేదు, ఉప్పు తగల్లేదు (మా ఆవిడ మొహం చూడాల్సింది). కూరకి తెచ్చే ఎండు రొయ్యలు వీటికి పెట్టకూడదనేది ఆ ఉప్పు వల్లే.

ఉడికించి ఎండబెట్టారా, పచ్చివే ఎండబెట్టారా అన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. పచ్చి రొయ్యల్లో బి1 విటమిన్‌ని పాడుచేసే థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. కుక్కల కంటే పిల్లులకి ఆ విటమిన్ ఎక్కువ కావాలి. అందుకని నేను నాలుగు రొయ్యలు నీళ్లలో బాగా ఉడకబెట్టి, తలా తోకా తీసి, పెంకు ఒలిచి, పిల్లికి రెండు పెడతాను. మా లాబ్రడార్ నమిలే రకం కాదు, అందింది అందినట్టే మింగేస్తుంది. తల మీది ముల్లు, తోక దాని గొంతుకి అడ్డం పడొచ్చు. దానికీ ఒలిచినవే. మొదటిసారి పెట్టేవాళ్లు ఒక్కటే పెట్టి, దురదలూ వాంతులూ వస్తాయేమో చూడండి. ఒలిచిన పెంకులు కోళ్లకి. వాటికి సున్నం కావాలిగా.

“ఇగురులోవి రెండు పడేస్తే పోయేదానికి ప్యాకెట్టెందుకురా?” అంటుంది మా అమ్మ. ఇగురులో ఉల్లిపాయా వెల్లుల్లీ ఉంటాయి. కుక్కకైనా పిల్లికైనా అవి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

తాబేలు పెంకుతో సహా లాగించేస్తుంది. కానీ రోజూ వేస్తే గుళికల మేత వైపు తల తిప్పదు, ఎప్పుడైనా ఒకటి చాలు. కుందేలు గడ్డి తినే జీవం. దానికి రొయ్యేంటసలు? షాపతన్ని అడిగితే, “ఫొటోలో ఉంది కదండీ” అన్నాడు.

ఆ బొమ్మ తీసేసి, ఆ చోట ఉడికించిందో కాదో రాస్తే ఐదు నక్షత్రాలూ ఇచ్చేవాణ్ణి. ప్రస్తుతానికి మూడు. జిప్ కూడా సరిగ్గా పడట్లేదు, తేగానే గట్టి మూత డబ్బాలో పోసుకోండి, లేకపోతే వంటగదంతా నీచు వాసన.