రీబిల్డ్‌లో ఉన్న (అంటే మళ్ళీ మొదట్నుంచి కట్టుకుంటున్న) బేస్‌బాల్ టీమ్‌కి పిచ్చర్లు (మన బౌలర్లలాంటివాళ్ళు) ఎక్కడ్నుంచి రావాలి: డ్రాఫ్టా, ట్రేడా, డబ్బులు పెట్టి కొనడమా?

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు బాగానే ఉన్నారు కాబట్టి టెక్సస్ రేంజర్స్‌తోనే మొదలుపెడతా. 2021లో 102 మ్యాచ్‌లు ఓడిపోయారు, 2022లో 94, ఆ తర్వాతేడు 2023లో ఏకంగా వరల్డ్ సిరీస్, అంటే లీగ్ కప్పు, కొట్టేశారు. ఏటా టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేదే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్. 2021 డ్రాఫ్ట్‌లో రెండో పిక్ జాక్ లైటర్, 2022లో మూడో పిక్ కుమార్ రాకర్ (వాళ్ళమ్మ వైపు మూలాలు ఇండియావే), ఇద్దరూ పిచ్చర్లే, కానీ కప్పు గెలిచిన టీమ్‌లో ఇద్దరూ లేరు, 2024లో గానీ మేజర్స్‌కి, అంటే పైస్థాయి లీగ్‌కి, రాలేదు. మరి ఆ కప్పుకి బౌలింగ్ లాంటి పని ఎవరు చేశారంటే ఎక్కువమంది కొన్నవాళ్ళూ ట్రేడ్‌లో తెచ్చుకున్నవాళ్ళే.

ఇక్కడ ఐపీఎల్‌లా వేలం ఉండదు. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, అయిదుగురు స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లు) వంతులవారీగా వేస్తారు, దాన్నే రొటేషన్ అంటారు, మధ్యలో మోచేతులూ భుజాలూ పోతూనే ఉంటాయి కాబట్టి అయిదుగురు కావాలంటే ఎనిమిది మందినైనా రెడీగా పెట్టుకోవాలి. అసలు తలనొప్పి అదే.

డ్రాఫ్ట్ సంగతి చూద్దాం. కాన్సాస్ సిటీ రాయల్స్ 2018లో మొదటి 40 పిక్స్‌లోనే నలుగురు కాలేజీ పిచ్చర్లని తీసుకున్నారు, సింగర్, కోవార్, లించ్, బుబిచ్. 2020లో నాలుగో పిక్ ఏసా లేసీ, అతనూ పిచ్చరే, గాయాలతో మేజర్స్ దాకా రాలేకపోయాడు. ఇంత పెట్టుబడి పెట్టాక 2023లో ఆ టీమ్ ఓడింది 106 మ్యాచ్‌లు. బుబిచ్ ఆల్‌స్టార్ అయ్యేసరికి 2025 వచ్చింది, అంటే ఏడేళ్ళు. అదే 2018లో డెట్రాయిట్ టైగర్స్ మొట్టమొదటి పిక్‌తో కేసీ మైజ్‌ని తీసుకుని, తొమ్మిదో రౌండ్‌లో తారిక్ స్కూబల్‌ని తీసుకుంటే, 2024, 2025 రెండేళ్ళూ సై యంగ్ అవార్డ్ (ఆ ఏడాది బెస్ట్ పిచ్చర్‌కి ఇచ్చేది) కొట్టింది స్కూబల్. మొట్టమొదటి పిక్‌గా వచ్చిన పాల్ స్కీన్స్ లాంటివాడు దొరికితే అదృష్టమే, కాదనను, కానీ 2025లో అతను సై యంగ్ గెలిచినా అతని టీమ్ పిట్స్‌బర్గ్ మాత్రం తన డివిజన్‌లో (అయిదు టీమ్‌ల గ్రూప్‌లో) ఆఖరే. అందుకే నా లెక్కలో పై పిక్స్ బ్యాటర్లకి, కింది రౌండ్లలో పిచ్చర్లని ఎంతమందిని వీలైతే అంతమందిని తీసుకోవాలి. డ్రాఫ్ట్ బయట కూడా చవగ్గా దొరుకుతారు, హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2015లో ఫ్రాంబర్ వాల్డెజ్‌కి పదివేల డాలర్లు, క్రిస్టియన్ హావియర్‌కి పదివేలు ఇచ్చి తెచ్చుకున్నారు, 2022 వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు రొటేషన్‌లో ఇద్దరూ ఉన్నారు.

డబ్బులు పెట్టి పెద్ద పేరున్నవాడిని కొనడం ఇంకో దారి. రేంజర్స్ డిగ్రామ్‌కి అయిదేళ్ళకి 185 మిలియన్ డాలర్లు రాసిచ్చారు, 2023లో ఆరే స్టార్ట్‌లు, తర్వాత మోచేతి ఆపరేషన్. రెండేళ్ళకి 34 మిలియన్లకే వచ్చిన ఎవాల్డీ ఆ ఏడు ప్లేఆఫ్స్‌లో అయిదు గెలిచి ఒక్కటీ ఓడలేదు. రాయల్స్ కూడా 106 ఓటముల తర్వాత లూగో, వాకా అని ఇద్దరు మధ్యరకం రేటు వెటరన్లని తీసుకుంటే 2024లో 86 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు, లూగో సై యంగ్ ఓటింగ్‌లో రెండోవాడు.

కానీ నన్నడిగితే అన్నిటికన్నా మేలైన దారి ఒక్క ఏడాది కాంట్రాక్ట్‌తో కొని జులైలో ట్రేడ్ చేసెయ్యడం. 2013లో చికాగో కబ్స్ స్కాట్ ఫెల్డ్‌మన్‌ని ఒక్క ఏడాదికి 6 మిలియన్లకి తీసుకుని, సగం సీజన్ ఆడించి, అతనితోపాటు ఒక క్యాచర్‌ని బాల్టిమోర్‌కి ఇచ్చి జేక్ అరియెటా, స్ట్రోప్ అనే ఇద్దరు పిచ్చర్లని తెచ్చుకున్నారు. అరియెటా ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే సగటు పరుగులు, బాల్టిమోర్‌లో 5 పైనే, 2015లో కబ్స్‌కి 1.77, సై యంగ్ కూడా. రాయల్స్ కూడా ఇలాగే 2023లో ఏడాదికి తీసుకున్న చాప్‌మన్‌ని రేంజర్స్‌కి ఇచ్చి కోల్ రేగన్స్‌ని తెచ్చుకున్నారు, అతనికి అప్పటికే రెండు మోచేతి ఆపరేషన్లు అయ్యాయి, మరుసటేడు సై యంగ్ ఓటింగ్‌లో నాలుగోవాడు. ఇందులో రేంజర్స్ మోసపోయారని అనుకోకండి, వాళ్ళకి కప్పొచ్చింది, జులైలో ఇప్పుడే గెలవాలనుకునే టీమ్ ఆ రేటు ఇస్తుంది, రీబిల్డ్‌లో ఉన్న టీమ్‌కి మేజర్స్ గడప దాకా వచ్చేసిన పిచ్చర్ దొరుకుతాడు, డ్రాఫ్ట్ కుర్రాడి కోసం ఆగినట్టు అయిదేళ్ళు ఆగక్కర్లేదు. కొన్నవాడు ఫ్లాప్ అయితే పోయేది ఒక ఏడాది జీతమే. అయితే వచ్చినవాడిని బాగుచేసే పిచింగ్ కోచ్‌లు లేకపోతే ఈ ప్లాన్ నడవదు, అరియెటా అలాగే 5 పైన ఉండిపోయేవాడు.

ఈ దారి పనిచెయ్యని టీమ్ ఒకటుంది, 2025లో 119 ఓడిన కొలరాడో రాకీస్. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తులో ఉంటుంది, గాలి పల్చన, కర్వ్ (వంపు తిరిగే బాల్) సరిగ్గా తిరగదు, కొట్టిన బాల్ ఇంకా దూరం పోతుంది, ఒక్క ఏడాదిలో పేరు తిరిగి తెచ్చుకోవాలనుకునే పిచ్చర్ అక్కడికి ఎందుకొస్తాడు? ఎనిమిదేళ్ళకి 121 మిలియన్లిచ్చి తెచ్చిన మైక్ హాంప్టన్‌ని రెండు సీజన్లకే వదిలించుకున్నారు. వాళ్ళు 2018లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది డెన్వర్‌లోనే పుట్టిపెరిగి అక్కడే డ్రాఫ్టయిన ఫ్రీలాండ్, టాంపా బే నుంచి కుర్రాడిగా ట్రేడ్‌లో వచ్చిన మార్కెజ్ రొటేషన్‌లో ఉన్నప్పుడే. కాబట్టి రాకీస్ మాత్రం డ్రాఫ్ట్‌లో పిచ్చర్లని తీసుకోవాల్సిందే, ఏడేళ్ళు పట్టినా సరే.