పెళ్ళి వీడియో డీవీడీ చేయిస్తున్నారా? జాగ్రత్త!

నెల్లూరులో పెన్‌డ్రైవ్ ఇచ్చి డీవీడీ చేయించుకోవాలనుకునేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. షాపు పేరు రాయను, ట్రంకు రోడ్డు పక్క సందులో ఉంటుంది. నాకు 600 రూపాయలు పోయాయి. కావలి నుంచి రెండుసార్లు తిరిగిన బస్సు ఛార్జీలు అదనం.

మా చెల్లి పెళ్ళి వీడియో ఎంపీ4లో ఉంది. ఐదు గంటలు, 4 జీబీ. ఊళ్ళో అమ్మమ్మకి పాత టీవీ, పాత డీవీడీ ప్లేయరే గతి. షాపాయన ఫైలు సైజు చూసి, "డిస్కు 4.7 జీబీ సార్, ఒక్కదాంట్లోనే పట్టేస్తుంది" అన్నాడు. నాకూ నిజమే కదా అనిపించింది.

మొదటి డిస్కుని ప్లేయరు అసలు తీసుకోలేదు. ఫైలుని ఉన్నదున్నట్టు డేటాగా కాపీ కొట్టి, పైన వధూవరుల ఫోటో మాత్రం భలే అతికించాడు. గొడవ పడితే రెండోసారి కన్వర్ట్ చేసిచ్చాడు. అది ఆడింది గానీ, తలంబ్రాల దగ్గర ఎవరు చెయ్యెత్తినా బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతోంది. పైగా 16:9 అంటే వెడల్పు తెర వీడియోని, 4:3 అంటే పాత టీవీ ఆకారంలోకి నొక్కేశాడు. అమ్మమ్మ టీవీ దగ్గరకెళ్ళి, "ఏందిరా అబ్బయ్యా, మీ నాయన ఇంత చిక్కిపోయినాడు?" అంది. మా నాన్న 90 కిలోలు!

మెలికంతా ఎక్కడుందో తర్వాత తెలిసింది. మన ఎంపీ4లలో ఎక్కువగా ఉండే హెచ్.264 అనే కుదింపు పద్ధతి వీడియోని బాగా కుదిస్తుంది. డీవీడీ ప్లేయరుకి కావాల్సింది ఎంపెగ్-2 అనే ఇంకో పద్ధతి. దానికి అంత కుదించే శక్తి లేదు. కాబట్టి ఫైలు ఎన్ని జీబీలని కాదు, వీడియో ఎన్ని గంటలని చూడాలి. 4.7 జీబీ డిస్కులో రెండు గంటలు పెడితే ఒక్కో సెకను బొమ్మకి 5 మెగాబిట్ల డేటా దక్కుతుంది. ఐదు గంటలు కుక్కితే రెండే. గళ్ళు రాక ఏమొస్తాయి?

డబ్బులిచ్చే ముందే డిస్కుని అక్కడ కంప్యూటర్లో తెరిపించండి. వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, అందులో వీఓబీ, ఐఎఫ్ఓ ఫైళ్ళు కనబడాలి. ఎంపీ4 కనబడిందా, అది ఉత్త కాపీనే. "ఇదిగో ఆడుతోందిగా సార్" అని కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో చూపిస్తే నమ్మొద్దు, అందులో ఏదైనా ఆడుతుంది. మామూలు డీవీడీ ప్లేయర్లో పెట్టమని, జనం కదిలే చోటుకి జరిపి చూడండి. పెన్‌డ్రైవ్ ఇచ్చేముందు ఇంట్లో ఒక కాపీ ఉంచుకోండి.

చివరికి డీవీడీస్టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నేనే మూడు డిస్కులు చేశాను. ల్యాప్‌టాప్ రాత్రంతా గురక పెట్టింది గానీ, నాన్న మళ్ళీ లావయ్యాడు. సగం డబ్బులు తిరిగిస్తానన్న షాపాయన మాత్రం ఇంకా ఫోన్ ఎత్తడం లేదు.