బిలియన్: వంద కోట్లా, లక్ష కోట్లా?

అమెరికాలో బిలియన్ అంటే వెయ్యి మిలియన్లు, మన లెక్కలో వంద కోట్లు. బ్రిటన్‌లో మాత్రం చాలాకాలం అది మిలియన్ మిలియన్లు, అంటే ఏకంగా లక్ష కోట్లు. ఒకటి పక్కన అక్కడ 9 సున్నాలు, ఇక్కడ 12!

పదం పుట్టుకను బట్టి చూస్తే పాత బ్రిటిష్ అర్థమే నాకు సబబుగా తోస్తుంది. మొదట్లోని 'బి' అంటే రెండు. మిలియన్‌ను మిలియన్‌తోనే గుణించడం. అయినా వాడుకలో గెలిచింది అమెరికా లెక్కే. తమ మంత్రులు కూడా వెయ్యి మిలియన్లనే బిలియన్ అంటారని 1974లో బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటుకు తెలిపారు. కాబట్టి పాత బ్రిటిష్ పుస్తకాన్ని తెలుగు చేసేవాళ్లు అది అచ్చయిన ఏడాది తప్పక చూసుకోవాలి. జర్మన్‌లో, స్పెయిన్ స్పానిష్‌లో ఈ మాటకు ఇప్పటికీ లక్ష కోట్లనే అర్థం.