కూగర్‌బ్లైట్: ఏళ్ల తరబడి వాడాక తెలిసిన సంగతులు

వాషింగ్టన్ రాష్ట్రం, యాకిమా లోయలో గాలా, ఫుజీ ఆపిల్ తోటలు చూస్తుంటాను. ఏప్రిల్‌లో పూత విచ్చుకుందంటే రోజూ పొద్దున్నే కాఫీ కంటే ముందు చూసేది కూగర్‌బ్లైట్‌నే. ఆపిల్ పూతను, కొమ్మలను కాలినట్టు మాడ్చేసే ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు ముప్పును లెక్కగట్టే ఈ మోడల్‌ను వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన టిమ్ స్మిత్ రూపొందించారు.

ఇది ముఖ్యంగా లెక్కపెట్టేది నాలుగు రోజుల వేడిని. ఎండ వేడికి పువ్వు కీలాగ్రం మీద ఈ తెగులు తెచ్చే ఎర్వీనియా బాక్టీరియా లక్షల్లో పెరుగుతుంది. ఆపైన వాన పడినా, మంచు బాగా కురిసినా ఆ తడితో జారి పువ్వు అడుగున తేనె ఊరే చోటికి చేరుతుంది. చెట్టులోకి దారి అక్కడే. అంటే మోడల్ ముప్పు 'హై' (ఎక్కువ) అని చూపిస్తే తెగులు వచ్చేసిందని కాదు, తడి తగిలితే వస్తుందని. ఇది పట్టించుకోకుండా తెరమీద ముప్పు రంగు మారగానే స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు కొట్టేవాళ్లున్నారు. డబ్బు దండగ. ఆ మందు తడికి ఒక రోజు అటూ ఇటూగా పడితేనే బాగా పనిచేస్తుంది.

నాకు బాగా ఉపయోగపడేది రాబోయే రోజుల అంచనా. బ్లాసమ్ ప్రొటెక్ట్ లాంటి జీవసంబంధ మందులు ముప్పు ముదరకముందే పువ్వుల మీద స్థిరపడాలి కాబట్టి ఆ వ్యవధి చాలా విలువైనది.

ఒక సెట్టింగ్ దగ్గర మాత్రం మొహమాటం వద్దు. చుట్టుపక్కల తెగులు లేదా, పొరుగున ఉందా, మన తోటలోనే ఉందా అని అడుగుతుంది. అదే వేడికి ఈ మూడింటికీ ముప్పు స్థాయి వేరు. పరువు కోసం 'లేదు' అని నొక్కితే లెక్కంతా తప్పుతుంది.

దీనికి తెలియనిది మన చెట్టు. రేకులు రాలిపోయాక చాలామంది చూడడం మానేస్తారు. కానీ మే నెలలో కొమ్మ పక్కకు వంచి చూడండి: ఆకుల చాటున రెండు మూడు పువ్వులు ఆలస్యంగా విచ్చి ఉంటాయి. ఇక్కడివాళ్లు రాట్‌టెయిల్ పూత అంటారు. వేడి ముదిరేదీ అప్పుడే. నా లెక్కలో అసలు గండం అదే. లేత చెట్లున్న బ్లాకులో అవి కనబడినన్నాళ్లూ నేను మోడల్ చూడడం ఆపను.

చెట్ల పైనుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్లుంటే ఇంకో మాట: వాన లేదని మోడల్ చెప్పినా, మీరు తిప్పిన వాల్వే పువ్వును తడుపుతుంది. 'హై' ఉన్న రోజుల్లో ఆ తడి వెయ్యకండి.