గెలీలియోస్కోప్: 17 రెట్ల కటకాన్ని డబ్బాలోనే వదిలేయకండి

విడిభాగాలుగా వచ్చే ఈ చిన్న టెలిస్కోపును 2009 అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంవత్సరం సందర్భంగా రూపొందించారు. ముందువైపు ఉండే వస్తుకటకం వ్యాసం 50 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 500. బిగించడానికి జిగురూ అక్కర్లేదు, స్క్రూడ్రైవరూ అక్కర్లేదు. కొన్నవాళ్లలో చాలామంది 25 రెట్ల ఐపీస్‌తో (కన్ను పెట్టే వైపు కటకంతో) చంద్రుణ్ణి చూసి, సంతోషపడి, అక్కడితో ఆగిపోతారు. దీని అసలు విలువ మాత్రం 17 రెట్ల గెలీలియో అమరికలో ఉంది. 1610లో గెలీలియో ప్రకటించిన గురుడి ఉపగ్రహాల వార్తను ఐరోపా పండితులు ఎందుకు వెంటనే నమ్మలేకపోయారో అందులోంచి చూస్తే తెలుస్తుంది.

ముందు బిగింపు సంగతి. పెద్ద గొట్టం నిలువునా రెండు సగాలుగా ఉంటుంది. ఒక సగాన్ని పడుకోబెట్టి, వస్తుకటకాన్ని గాడిలో కూర్చోబెట్టాలి. ట్రైపాడ్ నట్టును దాని గూట్లో పెట్టి, రెండో సగాన్ని పైన మూసి రబ్బరు రింగులు తొడగాలి. నట్టు మరిచిపోతే మళ్లీ మొత్తం విప్పాల్సిందే. వస్తుకటకం రెండు గాజుల జత కాబట్టి ఒకదాని వంపు రెండోదాని వంపులో ఒదగాలి. తిరగబడితే ఎంత సర్దినా బొమ్మ తేటపడదు. ఎక్కువమంది తడబడేది ఐపీస్‌లోని చిన్న కటకాల దగ్గర. ఏది ఎటు తిరిగి ఉండాలో సూచనల బొమ్మతో సరిచూసుకున్నాకే మూయండి. గాజును అంచులతోనే పట్టుకోండి. వేలిముద్ర పడితే గురుడి చుట్టూ మసక వెలుగు పరుచుకుంటుంది, దగ్గరలో చుక్కల్లా కనిపించే ఉపగ్రహాలు అందులో కలిసిపోతాయి.

ట్రైపాడ్ విడిగా కొనుక్కోవాలి. మామూలు కెమెరా ట్రైపాడ్ మర సరిపోతుంది కానీ తేలికపాటిది పనికిరాదు: ఫోకస్ కోసం గొట్టాన్ని చేత్తో లోపలికీ బయటికీ జరపాలి, ముట్టుకున్న ప్రతిసారీ బొమ్మ ఊగుతుంది. గురి చూడటానికి గొట్టం మీద గంట్లు తప్ప వేరే ఏర్పాటు లేదు. నడినెత్తిన ఉన్నవాటిని చూడాలంటే మెడ విరిగినంత పనవుతుంది, కాబట్టి గ్రహం ఆకాశంలో సగం ఎత్తులో ఉన్న వేళ చూసుకోండి.

ఇక 17 రెట్ల అమరిక. మామూలుగా ఐపీస్‌కు జోడించి రెట్లు పెంచడానికి వాడే బార్లో కటకాన్నే ఐపీస్‌గా వాడితే ఇది వస్తుంది. పుటాకార కటకం కాబట్టి బొమ్మ నిటారుగానే ఉంటుంది, కానీ కనిపించే మేర చాలా ఇరుకు. చంద్రుడు మొత్తం ఒకేసారి పట్టడు. నేరుగా దీనితోనే గురుణ్ణి వెతికితే దొరకడం కష్టం. ముందు 25 రెట్లలో పట్టుకుని, మధ్యకు తెచ్చి, ట్రైపాడ్ బిగించి, అప్పుడు ఐపీస్ మార్చండి. ఫోకస్ గొట్టం ముందుకంటే లోపలికి వెళ్లాలి. కన్ను కటకానికి బాగా దగ్గరగా ఉండాలి, కాస్త పక్కకు జరిగినా గ్రహం మాయమవుతుంది.

ఇప్పుడు ఒక అట్టముక్కకు 15 నుంచి 20 మిల్లీమీటర్ల రంధ్రం చేసి వస్తుకటకం ముందు పెట్టండి. గెలీలియో కూడా ఇలాగే సుమారు 38 మిల్లీమీటర్ల కటకాన్ని 15కి కుదించాడు. అంచుల దగ్గర గాజు సరిగా అరగదు, దాన్ని కప్పేస్తే బొమ్మ తేరుకుంటుంది. అట్ట పెట్టగానే గురుడి మిరుమిట్లు తగ్గుతాయి, చూపు మేర కూడా ఇంకా కుంచించుకుపోతుంది. బాగా దూరంగా ఉన్న నాలుగో ఉపగ్రహం కోసం గొట్టాన్ని పక్కకు జరపాల్సి రావచ్చు. మన కిట్‌లో రంగుల అంచులను తగ్గించే జంట గాజు ఉంది, ఆయనకున్నది ఒంటి గాజు. అయినా మనకే ఇంత తిప్పలు.

ఈ తిప్పలు పడ్డాక 1610 ఏప్రిల్‌లో బొలోన్యాలో జరిగింది అర్థమవుతుంది. అక్కడి గణిత ఆచార్యుడు మాజీని ఇంట్లో గెలీలియో తన గొట్టం చూపించాడు. చూసినవాళ్లకు ఉపగ్రహాల మీద నమ్మకం కుదరలేదు. అక్కడే ఉన్న మార్టిన్ హోర్కీ, భూమ్మీద బాగా పనిచేసే ఈ గొట్టం ఆకాశంలో మోసం చేస్తోందని ప్రాగ్‌లోని ఖగోళశాస్త్రజ్ఞుడు కెప్లర్‌కు రాశాడు. వాళ్లందరినీ మూఢులని తీసిపారేయడం అన్యాయం. ఆ వేసవి చివర అరువు తెచ్చుకున్న టెలిస్కోపుతో కెప్లరే వాటిని చూశాడు. కార్డినల్ బెల్లార్మీనో అడిగిన ప్రశ్నలకు రోమ్‌లోని జెసూట్ (కేథలిక్ సన్యాసుల సంఘం) గణితజ్ఞులు 1611 ఏప్రిల్ 24న బదులిస్తూ ఉపగ్రహాలు నిజమే, శుక్రుడి కళలూ నిజమే అన్నారు. చంద్రుడి మీద ఎత్తుపల్లాల దగ్గర మాత్రమే వాళ్లలో వృద్ధుడైన క్లావియస్ వెనకాడాడు.

అంటే కంటికి కనిపించేదాని మీద తగవు ఏడాదిలోనే దాదాపు తీరింది. మిగిలింది బైబిలు అర్థం ఎవరు చెప్పాలన్నది. ప్రొటెస్టెంట్ సంస్కరణకు జవాబుగా 1546లో కేథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ, చర్చి పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల) ఏకాభిప్రాయానికి విరుద్ధంగా లేఖనాలకు అర్థం చెప్పకూడదని కట్టడి చేసింది. గణితజ్ఞుడైన గెలీలియో ఉత్తరాల్లో లేఖనాల వివరణకు దిగేసరికి ఆ కట్టడి అడ్డొచ్చింది, 1616 మార్చి 5న, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకాన్ని సవరించేదాకా ఆపేశారు. ప్రొటెస్టెంట్ వైపు అంతా సాఫీ అనుకోకండి. లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) అయినందుకు 1600లో కేథలిక్ పాలనలోని గ్రాట్జ్ నుంచి వెళ్లగొట్టబడిన కెప్లర్‌కు, లింట్జ్‌లో సొంత లూథరన్ పాస్టరే ప్రభురాత్రి భోజన సంస్కారం నిరాకరించాడు.

కిట్‌లోని 25 రెట్ల అమరిక ఆ కెప్లర్ 1611లో ప్రతిపాదించినదానికి వారసురాలు. రెండు వైపులా కుంభాకార కటకాలు కావడంతో బొమ్మ తలకిందులవుతుంది, చూపు మేర మాత్రం విశాలంగా ఉంటుంది. ఒకే రాత్రి రెండూ మార్చి మార్చి చూస్తే ఆ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. బార్లోతో వచ్చే 50 రెట్లు శనికీ చంద్రుడికీ తప్ప పెద్దగా ఉపయోగపడవు, బొమ్మ మసకబారి వణుకుతుంది.

శుక్రుణ్ణి చీకటి పడ్డాక చూడకండి, మెరుపు తప్ప ఆకారం తెలియదు. సూర్యుడు పూర్తిగా అస్తమించాక, ఆకాశం ఇంకా వెలుగుగా ఉన్నప్పుడే 25 రెట్లలో చూడండి. నెలవంక ఆకారం కావాలంటే అది భూమికి దగ్గరవుతున్న వారాలు ఎంచుకోవాలి. సూర్యుడి వైపు మాత్రం ఈ గొట్టాన్ని ఎప్పుడూ తిప్పకూడదు: వడపోత లేదు, ఒక్క క్షణంలో చూపు పోతుంది. కాగితం మీద సూర్యబింబం పడేలా చేయడానికీ దీన్ని వాడకండి, ప్లాస్టిక్ ఆ వేడికి తట్టుకోదు. పిల్లలకు ఇస్తే ఈ మాట ముందే చెప్పి ఇవ్వండి.