పోలార్ క్యాప్ ఇండెక్స్: రెండేళ్లుగా వాడుతున్నవాడిగా నా అభిప్రాయం

షార్ట్‌వేవ్ రేడియో హాబీ ఉన్నవాళ్లకి, అరోరా (ధ్రువాల వైపు ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు) కోసం రాత్రంతా మేలుకుని కూర్చునేవాళ్లకి, సౌర తుఫాన్ల మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా ముందుగా ఒక మాట. కేపీ (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలవరపడిందో 0 నుంచి 9 వరకు చెప్పే అంకె) ఒక్కటే చూసి ఊరుకోకండి, పక్కనే పీసీ ఇండెక్స్ గ్రాఫ్ కూడా తెరిచి పెట్టుకోండి. పీసీ అంటే పోలార్ క్యాప్, అంటే ధ్రువం చుట్టూ ఉండే ప్రాంతం, మన కంప్యూటర్ కాదు. సౌరగాలి (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) నుంచి ఎంత శక్తి వస్తోందో ధ్రువాల దగ్గర కొలిచి చెప్పే అంకె ఇది. గ్రాఫ్ చూడటానికి డబ్బులేమీ కట్టనక్కర్లేదు.

నేను దీని దగ్గరికి వచ్చింది 2024 మే 10 రాత్రి తర్వాత. 2003 అక్టోబర్ తర్వాత మళ్లీ జీ5 (అన్నిటికంటే తీవ్రమైన) స్థాయికి వెళ్లిన తుఫాను అది, కేపీ 9కి చేరింది. ఆ రోజు నేను నమ్ముకున్న ఒక యాప్ నుంచి అలర్ట్ వచ్చేసరికి నా రేడియోలో దూరపు స్టేషన్లు ఎప్పుడో మాయమైపోయాయి, నేనేమో యాంటెన్నా కేబుల్ పాడైందేమోనని టెన్షన్ పడి దాన్నే విప్పి చూస్తూ కూర్చున్నాను. తర్వాత చదివితే తెలిసింది, కేపీ లెక్కే మూడు గంటలకోసారి. మూడు గంటల్లో అయస్కాంత క్షేత్రం ఎంత ఊగిందో 13 స్టేషన్లలో చూసి ఒక అంకె ఇస్తారు. తుఫాను ఎంత పెద్దదో చెప్పడానికి అది మంచి కొలతే, ఇప్పుడు ఈ నిమిషంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మాత్రం సరిపోదు.

పీసీ ప్రతి నిమిషానికీ ఒక విలువ ఇస్తుంది. ఉత్తరాన గ్రీన్‌లాండ్‌లోని కానాక్ (పాత పేరు థూలే), దక్షిణాన అంటార్కిటికా మధ్యలో ఉన్న రష్యా పరిశోధన కేంద్రం వోస్తోక్, ఈ రెండు చోట్లా మాగ్నెటోమీటర్లు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలు) ఉన్నాయి. ఉత్తరం లెక్క డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లది, దక్షిణం లెక్క సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆర్కిటిక్ అంటార్కిటిక్ పరిశోధన సంస్థది. వోస్తోక్ అంటే 1983 జూలైలో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైన చోటు. అలాంటి చోట ఏడాది పొడవునా పరికరాన్ని నడిపి నిమిషనిమిషం లెక్క పంపడం మామూలు విషయం కాదు, ఆ పని చేసేవాళ్లంటే నాకు నిజంగా గౌరవం.

అసలు ధ్రువం దగ్గరే ఎందుకు కొలవాలి? నాకు బాగా నచ్చింది ఇక్కడే. సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉన్నప్పుడు భూమి క్షేత్రంతో కలుస్తుంది, ధ్రువాల మీది క్షేత్రరేఖలు నేరుగా సౌరగాలికి తెరుచుకుంటాయి. అప్పుడు ధ్రువం మీద సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున విద్యుత్ కరెంట్లు ప్రవహిస్తాయి, వాటి ప్రభావం కింద మాగ్నెటోమీటర్‌లో వందల నానోటెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) మార్పుగా కనిపిస్తుంది. అందులోంచి ప్రశాంతమైన రోజుల్లో ఉండే మామూలు ఊగిసలాట తీసేసి, ఋతువునీ గంటనీ బట్టి సరిదిద్ది, మీటరుకు ఇన్ని మిల్లీవోల్టులు అని ఇస్తారు. నానోటెస్లాల్లో ఇవ్వకుండా విద్యుత్ క్షేత్రం యూనిట్లో ఇవ్వడం ఎందుకని మొదట్లో అనుకున్నాను. భూమిని తాకే సౌరగాలిలోని విద్యుత్ క్షేత్రంతో పోల్చి ఈ స్కేలు తయారుచేశారు, అందుకే ఆ యూనిట్. అంటే సౌరగాలి నుంచి ఎంత శక్తి లోపలికి వస్తోందో నేల మీద నిలబడి చూస్తున్నట్టు.

సౌరగాలిని ముందే కొలిచే ఉపగ్రహాలు ఉన్నాయి కదా, మళ్లీ ఇదెందుకు అని అడగొచ్చు. అవి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అక్కడ కొలిచిన గాలి అచ్చం అలాగే మన మీదికి వస్తుందన్న గ్యారంటీ లేదు, పక్క నుంచి పోవచ్చు, దారిలో మారిపోవచ్చు. రాబోయేది వాటిలో చూడండి, నిజంగా వచ్చిందో లేదో పీసీలో చూడండి. నేను ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకునే రేడియో ఆన్ చేస్తున్నాను.

వాడేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. విలువ 1.5 దాటి కాసేపు అలాగే నిలబడితే తుఫాను మొదలయ్యే పరిస్థితి ఉన్నట్టే. ఒక్క నిమిషం ఎగిరి పడిపోతే కంగారు పడకండి. సున్నా కిందికి వెళ్తే పరికరం చెడిపోయిందనుకోవద్దు, సౌరగాలి క్షేత్రం ఉత్తరం వైపు తిరిగినప్పుడు ధ్రువం మీది ప్రవాహం తిరగబడుతుంది, ముఖ్యంగా అక్కడ ఎండాకాలంలో. రెండు ధ్రువాల అంకెలూ అచ్చంగా ఒకేలా ఉండవు, ఒకవైపు ఎండ ఉంటే ఇంకోవైపు చీకటి కాబట్టి తేడా రావడం సహజం. అప్పటికప్పుడు కనిపించేవి తాత్కాలిక విలువలు, తర్వాత సరిచేసి తుది విలువలు ఇస్తారు, కాబట్టి పాత తుఫాను గురించి రాయాలంటే తుది విలువలే తీసుకోండి.

రేడియోవాళ్లకి ఒక హెచ్చరిక. పెద్ద సౌర జ్వాల తర్వాత ప్రోటాన్లు వచ్చిపడి ధ్రువాల మీదుగా వెళ్లే సిగ్నల్ పూర్తిగా మింగేస్తాయి, అది పీసీలో కనిపించదు. దానికి ఉపగ్రహాల ప్రోటాన్ కొలతలు విడిగా చూడాల్సిందే. ఈ సంగతి కొత్తవాళ్లకి ఎవరూ ముందే చెప్పరు, అందుకే ఇక్కడ గట్టిగా చెప్తున్నాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించడానికి కారణం, ఒక్కో ధ్రువానికి ఒక్కటే స్టేషన్ ఉండటం. ఆ ఒక్క దగ్గర కరెంటో కనెక్షనో పోతే ఆ వైపు గ్రాఫ్ ఖాళీ. అంటార్కిటికాలోనే ఫ్రాన్స్, ఇటలీ కలిసి నడిపే డోమ్ సీ పరిశోధన కేంద్రం దగ్గర కూడా మాగ్నెటోమీటర్ ఉంది, దాన్ని వోస్తోక్‌కి తోడుగా వాడొచ్చని పరిశోధకులు ఇప్పటికే ప్రతిపాదించారు. అంతర్జాతీయ భూ అయస్కాంత శాస్త్ర సంఘం 2013లోనే ఆమోదించిన సూచిక ఇది, దీన్ని చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఉంటారు. తుఫాను మధ్యలో గ్రాఫ్ ఆగిపోకుండా ఉండేలా ఆ రెండో స్టేషన్ని కలిపేస్తే ఆ మిగిలిన ఒక్క స్టార్ కూడా నేనే వచ్చి ఇచ్చేస్తాను.