అల్సాస్ ద్రాక్షతోటల్లో సైకిల్ యాత్ర: ఎక్కడ దిగాలి, ఏ రోడ్డు ఎక్కాలి

ఫ్రాన్స్‌లో జర్మనీ సరిహద్దు పక్కనుండే అల్సాస్‌లో సైకిల్ తొక్కుదాం అనుకునే మనవాళ్ళు ముందు చేసే పని కోల్మార్‌లో హోటల్ బుక్ చేసుకోవడం, ఫోటోల్లో ఎక్కువ కనబడేది ఆ ఊరే కాబట్టి. నేను మాత్రం వద్దంటాను. కోల్మార్ తప్పకుండా చూడండి, ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఇసెన్‌హైమ్ ఆల్టర్‌పీస్ అని 500 ఏళ్ళ నాటి పెద్ద పెద్ద చిత్రాల పలకలున్నాయి, వాటి ముందు ఒక అరగంటైనా నిలబడండి, కానీ రాత్రి పడుకోడానికి మాత్రం తోటల మధ్యలో ఉన్న చిన్న ఊరు వెతుక్కోండి. పొద్దున్నే గేటు తీయగానే మీ ముందు ట్రాఫిక్ సిగ్నల్ ఉంటుందా, తోటల్లోకి పోయే సన్న రోడ్డు ఉంటుందా అన్నదాని మీదే ఆ రోజంతా ఆధారపడి ఉంటుంది.

మేముండేది జర్మనీలో, కార్ల్స్‌రూహె. సైకిళ్ళు రీజినల్ ట్రైన్‌లో పెట్టుకుని కేల్ దాకా వచ్చాం, అక్కడ రైన్ నది మీద నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మాత్రమే 2004లో కట్టిన వంతెన ఉంది, అది దాటితే ఫ్రాన్స్. స్ట్రాస్‌బుర్గ్ చర్చి గోపురం 142 మీటర్లు, 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన కట్టడం అదే, చాలా దూరం నుంచే కనబడుతుంది. ఊరు దాటాక బ్రూష్ కాలువ గట్టు పట్టుకోండి. 1682లో స్ట్రాస్‌బుర్గ్ కోట కట్టడానికి కొండల దగ్గర్నుంచి రాయి పడవల్లో తేవడానికి వోబాన్ అనే ఇంజనీర్ తవ్వించిన కాలువ అది, ఇప్పుడు పడవలు తిరగట్లేదు, గట్టు మొత్తం సైకిల్ దారే. చదునుగా, చెట్ల నీడలో మోల్‌సైమ్ దగ్గర దాకా తీసుకెళ్ళిపోతుంది. మోల్‌సైమ్ అంటే 1909లో బుగాట్టి కార్ల ఫ్యాక్టరీ మొదలైన ఊరు. మా ఆయన అక్కడ ఆగుదామన్నాడు, నేను ఆగనివ్వలేదు, ఎందుకంటే అసలు తోటలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఈ తోటల ఊళ్ళని కలుపుతూ పోయే వైన్ రూట్‌ని 1953లో ప్రకటించారు, ఉత్తరాన మార్లెన్‌హైమ్ నుంచి దక్షిణాన థాన్ దాకా సుమారు 170 కిలోమీటర్లు. సైకిల్ వాళ్ళకి రెండు ఆప్షన్లు: ఒకటి తోటల్లోంచి పోయే సైకిల్ రూట్, రెండోది కార్లు కూడా తిరిగే డి35 లాంటి రోడ్లు. సైకిల్ రూట్ అందంగా ఉంటుంది, కానీ నున్నగా ఉంటుందనుకోకండి, కొన్నిచోట్ల కాంక్రీట్ పలకలు, కొన్నిచోట్ల మట్టీ కంకరా, అకస్మాత్తుగా 12 శాతం ఎక్కుడు వచ్చి వందమీటర్లలో అయిపోతుంది. ఊళ్ళలో రాళ్ళు పరిచిన వీధులు. 25 ఎం.ఎం. వెడల్పు టైర్లతో ఒళ్ళు హూనమవుతుంది, 30 పైన వేసుకుంటే హాయి. మేం సైకిల్ రూట్ సగం, డి35 సగం కలుపుకుని పోయాం, పొద్దున ట్రాఫిక్ లేనప్పుడు మామూలు రోడ్డు, పది దాటాక తోటల దారి.

తోటల గురించి ఒక మాట. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఏ-షాహీ ద్రాక్ష పందిళ్ళు చూసి పెరిగినవాళ్ళకి ఇక్కడి తోట మొదట వింతగా ఉంటుంది, పందిరి ఉండదు, తీగల్ని వైర్లకి కట్టి వరసలు వరసలుగా ఏటవాలు మీద నిలబెడతారు. మనకి ఎండ ఎక్కువ కాబట్టి ఆకు కింద నీడలో గుత్తి కాపాడుకుంటాం, వీళ్ళకి ఎండే కరువు కాబట్టి దక్షిణానికీ తూర్పుకీ తిరిగిన వాలు చూసి నాటుతారు. ఇంకో సంగతి, పడమటి నుంచి వచ్చే వాన వోజ్ కొండల మీదే కురిసిపోతుంది, అందుకే కోల్మార్ ఫ్రాన్స్‌లోనే బాగా తక్కువ వాన పడే ఊళ్ళలో ఒకటి. దీంట్లో సైకిల్ వాళ్ళకి పనికొచ్చేది ఏంటంటే కింద ఊరికీ పైన కొండకీ ఫోర్‌కాస్ట్ విడివిడిగా చూడాలి, కింద ఎండ కాస్తుంటే పైన తడిసి ముద్దైపోవచ్చు.

ఓబెర్నే, బార్ దాటాక మిట్టెల్‌బెర్గైమ్. టూరిస్ట్ బస్సులు ఆగే ఊరు కాదు, అందుకే నాకు బాగా నచ్చింది. ఇట్టెర్స్‌విల్లెర్ కొండ అంచు మీద ఉంటుంది, రోడ్డు పక్క బెంచీ మీద కూర్చుంటే కింద మైదానమంతా కనిపిస్తుంది. అక్కడినుంచి డాంబాక్-లా-విల్, పాత ఊరి గోడ, మూడు ద్వారాలు ఇంకా నిలిచే ఉన్నాయి. మేం అక్కడ ఒక ద్రాక్షరైతు ఇంట్లో గది తీసుకున్నాం, ఫ్రెంచ్ వాళ్ళు శాంబ్ర్ దోత్ అంటారు. వైన్ పీపాలుండే షెడ్‌లోనే సైకిళ్ళు పెట్టించి తాళం వేశారు, సైకిల్ కడుక్కోడానికి పైప్ ఇచ్చారు, పొద్దున కూగెల్‌హోఫ్ అనే కేకు, ఇంట్లో చేసిన జామ్. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, మా ఆయన జర్మన్‌తో నెట్టుకొచ్చాం, అక్కడి పెద్దవాళ్ళకి జర్మన్‌కి దగ్గరైన అల్సేషియన్ యాస వస్తుంది కాబట్టి జర్మన్ అర్థమవుతుంది. తర్వాత కోల్మార్‌లో దిగిన హోటల్ (పేరు వద్దులెండి) సైట్‌లో సైకిల్ స్టోరేజ్ ఉందని రాశారు, వెళ్తే ఇరుకు మెట్లు దిగి బేస్‌మెంట్, బట్టలతో పాటు సైకిళ్ళు భుజాన మోసుకుపోవాలి, రేటు మాత్రం డాంబాక్ కన్నా బాగా ఎక్కువ. బుక్ చేసేముందు మెయిల్ పెట్టి మెట్లు ఉన్నాయా, తాళం ఉందా అని అడగండి.

మధ్యస్తంగా కావాలంటే సెలెస్టా పెట్టుకోండి. ఊరు ఫోటోలకి గొప్పగా ఉండదు కానీ స్టేషన్ ఉంది, సూపర్‌మార్కెట్ ఉంది, అటు బార్ ఇటు రిబోవిలే రెండూ దగ్గరే. పైగా అక్కడ హ్యూమనిస్ట్ లైబ్రరీ ఉంది, బెయాటుస్ రెనానుస్ అనే పండితుడు 1547లో చనిపోతూ తన పుస్తకాలన్నీ ఊరికి వదిలేశాడు, 2011లో యునెస్కో మెమరీ ఆఫ్ ద వరల్డ్ జాబితాలో చేర్చింది. ఒక మనిషి కొనుక్కుని చదివిన పుస్తకాలు దాదాపు 500 ఏళ్ళుగా ఒకేచోట ఉండటం చూస్తే నాకు చాలా ఆనందమేసింది, సైకిల్ బట్టలతోనే లోపలికెళ్ళాం, ఎవరూ ఏమనలేదు.

రిక్విర్ అనే ఊరి గురించి అందరూ చెప్తారు. పొద్దున ఎనిమిది లోపు వెళ్ళండి, బేకరీ తెరిచి ఉంటుంది, వీధి మీకే ఉంటుంది. పదకొండుకి వెళ్తే సైకిల్ దిగి నడిపించుకోవాల్సిందే, అంత జనం. దానికన్నా హునావీర్ నాకు ఎక్కువ నచ్చింది, తోటల మధ్యలో చుట్టూ కోటగోడ కట్టిన చర్చి, కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ ఇద్దరూ అదే చర్చి వాడుకుంటారు.

కానీ ఈ యాత్రలో నన్ను ఆపేసిన చోటు వేరే. రిక్విర్ నుంచి కొద్ది కిలోమీటర్లు పోతే బెన్‌విర్, అక్కడ ఒక్క పాత ఇల్లూ కనబడదు, అన్నీ 1950ల నాటి ఇళ్ళే. 1944 డిసెంబర్‌లో కోల్మార్ చుట్టూ జరిగిన యుద్ధంలో ఊరు నేలమట్టమైంది. పక్కనే సిగోల్‌సైమ్ పైన కొండ మీద సైనికుల శ్మశానం ఉంది, 1500కి పైగా సమాధులు, వాటిలో ఉత్తర ఆఫ్రికా నుంచి ఫ్రెంచ్ సైన్యంలోకి వచ్చిన ముస్లిం సైనికులవి చాలా. పరాయి దేశం కోసం, ఎవరిదో కాలనీ పాలన కింద వచ్చి ఇక్కడ చనిపోయారు, మన వాళ్ళు బ్రిటిష్ సైన్యంలో ఎక్కడెక్కడో చనిపోయినట్టే. ఎక్కుడు కష్టమే, అయినా ఎక్కండి. రిక్విర్ ఒక్కటే చూసి వచ్చేస్తే ఈ ప్రాంతం సగమే చూసినట్టు.

కొండలకొస్తే, ఓ-క్యోనిగ్స్‌బుర్గ్ కోట సుమారు 750 మీటర్ల ఎత్తులో ఉంది, సెయింట్-ఇపోలిత్ నుంచి ఎక్కితే చెట్ల నీడలో సమంగా ఉంటుంది. శిథిలంగా ఉన్న కోటని 1900 నుంచి 1908 దాకా జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ మళ్ళీ కట్టించాడు, అప్పట్లో అల్సాస్ జర్మనీది. ఇంకా ఓపికుంటే మున్‌స్టెర్ నుంచి ష్లుఖ్ట్ కనుమ (1139 మీటర్లు), 17 కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు కానీ ఎక్కడా ప్రాణం తీయదు, 4–5 శాతమే. పైన మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం వేసిన రూత్ దె క్రెత్ రోడ్డు శిఖరాల వెంటే పోతుంది. 2022లో మహిళల టూర్ దె ఫ్రాన్స్ సైకిల్ రేసులో ఏడో స్టేజ్ సెలెస్టా నుంచి బయల్దేరి ఈ కొండల్లోనే ల మార్క్‌స్టైన్ దగ్గర ముగిసింది, డచ్ సైక్లిస్ట్ వాన్ వ్లూటెన్ గెలిచింది, ఆ రోడ్డు మీద తొక్కడం నాకు చాలా గర్వంగా అనిపించింది. శనాదివారాలు మాత్రం వద్దు, మోటర్‌బైకుల మోతకి ప్రశాంతత ఉండదు.

తిండి విషయం. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్ళలో వంట ఆపేస్తారు, మళ్ళీ సాయంత్రం ఏడుకే. ఆదివారం మధ్యాహ్నం తర్వాత షాపులు మూత, సోమవారం చాలా సైకిల్ షాపులు మూత, ట్యూబులు ముందే కొనుక్కోండి. శాకాహారులు పిజ్జాలా పల్చగా కాల్చే తార్త్ ఫ్లాంబే తినొచ్చు, కానీ మామూలుగా పంది మాంసం ముక్కలు వేస్తారు కాబట్టి లార్దోన్ లేకుండా అని ఆర్డర్‌లోనే చెప్పాలి, ఉల్లిపాయా చీజూ వేసినది బాగుంటుంది. వీధి ఫౌంటెన్ల దగ్గర నో పోటాబ్ల్ అని రాసి ఉంటే ఆ నీళ్ళు తాగకండి. వైన్ రుచి చూడాలంటే రైడ్ అయిపోయాకే, లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్ అనే లిమిట్ ఇక్కడ సైకిల్ వాళ్ళకీ వర్తిస్తుంది. నాకు మందు అలవాటు లేదు, కొందరు రైతులు ద్రాక్షరసం కూడా అమ్ముతారు, చల్లగా అడిగి తీసుకోండి.

తిరుగు ప్రయాణం కోల్మార్ నుంచి స్ట్రాస్‌బుర్గ్‌కి టి.ఇ.ఆర్. అనే రీజినల్ రైలు, అరగంట ప్రయాణం. సాయంత్రం ఆఫీసులు వదిలే టైంలో సైకిల్ హుక్కులు ఖాళీ ఉండవు, మధ్యాహ్నం రైలు చూసుకోండి.